ఇంటి గుట్టు, ఒంటి గుట్టు: లిథియం ఎవరికి పనిచేస్తుందో జన్యువులు చెప్పగలవా?



ఈ ప్రసంగాన్ని ఆసుపత్రి గదిలో వైద్యులు రోజూ అడిగే ఒక ప్రశ్నతో ఆరంభించడం సముచితం. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇటువంటి జబ్బు ఉందా? ఉంటే వారికి ఏ మందు పనిచేసింది?"

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. మూడు తరాల కిందట అనంతపురం జిల్లా నుంచి బెంగళూరుకు వచ్చి స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇరవై నాలుగేళ్ళ కొడుకు నెల రోజులుగా రాత్రికి రెండు గంటలకు మించి నిద్రపోవడం లేదు. మాట ఆగదు. జీతానికి ఎన్నో రెట్లు అప్పు చేసి, ఒకేసారి మూడు వ్యాపారాలు మొదలుపెట్టాడు. ఏడాది కిందట ఇదే పిల్లవాడు మూడు నెలలు మంచం దిగలేదు, అన్నం ముట్టలేదు. ఇప్పుడు తల్లి, నాయనమ్మ అతన్ని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చారు. వైద్యురాలు పై ప్రశ్న అడిగింది.

"లేదమ్మా, మా ఇంట్లో అట్లాంటిదేం లేదు" అంది తల్లి. నాయనమ్మ తల వంచుకుని కూర్చుంది.

ఆ జవాబు వెనుక దురుద్దేశం ఏమీ లేదు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన కూతురు ఉంది. నాలుగు వీధుల అవతలే బంధువులు ఉన్నారు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అనే సామెత చిన్ననాటి నుంచీ విన్న మాట. అయితే వైద్యుల ఎదుట ఆ సామెత తలకిందులవుతుంది. అక్కడ దాచిన గుట్టే ఇంటికి చేటు తెస్తుంది. ఒంటిలోని జన్యువుల గుట్టు కనిపెట్టడానికి ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళుగా శ్రమిస్తున్నారు. ఆ శ్రమ ఎంతవరకు వచ్చిందో తెలిస్తే, నాయనమ్మ దాచుకున్న మాటకు ఎంత విలువ ఉందో కూడా తెలుస్తుంది.

రాతిలో పుట్టిన మందు

ఆ యువకుడికి ఉన్నది బైపోలార్ రుగ్మత. కొంతకాలం పట్టరాని ఉద్రేకం, కొంతకాలం లేవలేని కుంగుబాటు, నడుమ మామూలు రోజులు. ఈ రెండు దశలూ మనిషి ఇష్టంతో వచ్చేవి కావు, మందలిస్తే పోయేవీ కావు. 2015–16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో వయోజనుల్లో ప్రతి వెయ్యిమందిలో సుమారు ఐదుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మత వస్తుంది. వారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తెలిపింది.

ఈ రుగ్మతకు వాడే మందులలో అతి పాతదీ, నేటికీ ముందు వరుసలో నిలిచినదీ లిథియం. 1817లో స్వీడన్‌లో యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్సన్ పెటలైట్ అనే ఖనిజంలో ఈ లోహాన్ని గుర్తించాడు. గ్రీకు భాషలో రాతిని లిథోస్ అంటారు. పేరు అందులోంచి వచ్చింది. మందుగా ఇచ్చేది దాని లవణాన్ని, ముఖ్యంగా లిథియం కార్బొనేట్‌ను.

మానసిక వైద్యంలో దాని చరిత్రను మలుపు తిప్పినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్. మెల్‌బోర్న్ శివారులోని బుండూరా ఆసుపత్రిలో గినీ పందులపై ప్రయోగాలు చేస్తుండగా, లిథియం లవణం ఇచ్చిన జంతువులు నెమ్మదించడం గమనించాడు. ముందు తాను మింగి చూసి, తరువాత రోగులకు ఇచ్చాడు. ఉద్రేక దశలో ఉన్న పదిమంది రోగులలో కనిపించిన ఫలితాలను 1949లో ప్రచురించాడు. వారిలో మొదటి రోగి ఐదేళ్ళుగా ఉద్రేకంలో మునిగి ఉన్నవాడు. కొన్ని నెలల్లో కోలుకుని ఇంటికీ, పనికీ తిరిగి వెళ్ళాడు. పిమ్మట మందు మానేశాడు; జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మందు మొదలుపెట్టారు. రక్తంలో లిథియం పాళ్ళను చూసి మోతాదు సరిచేసే పద్ధతి ఇంకా ఏర్పడని రోజులవి. ఆ మందే విషమై 1950లో అతని ప్రాణం తీసింది. లిథియం మంచీ చెడూ ఆ ఒక్క మనిషి కథలోనే ఉన్నాయి: సరిపడినవారికి జీవితాన్ని తిరిగి ఇస్తుంది, మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది, పాళ్ళు మించితే ప్రమాదం.

డెన్మార్క్‌కు చెందిన మోగెన్స్ షౌ 1954లో పద్ధతి ప్రకారం పరీక్ష జరిపి ఆ మందు గుణాన్ని నిర్ధారించాడు. పదే పదే కుంగుబాటుకు లోనైన అతని సోదరుడు కూడా లిథియంతో కోలుకున్నాడు. అమెరికా ప్రభుత్వం 1970లో ఈ మందుకు అనుమతి ఇచ్చింది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని గట్టి ఆధారాలు ఉన్న కొద్దిపాటి మందులలో లిథియం ఒకటి.

ఒకరికి అమృతం, మరొకరికి వట్టి మాత్ర

లిథియం అందరికీ ఒకే తీరుగా పనిచేయదు. తీసుకున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి జబ్బు ఇక లేనట్టే ఆగిపోతుంది. కొందరికి దశల తీవ్రత తగ్గుతుంది. మిగిలినవారికి చెప్పుకోదగిన మేలు ఉండదు.

ఎవరు ఏ వరుసలోకి వస్తారో ముందుగా తెలియకపోవడమే కష్టం. జ్వరం మాత్ర పనిచేసిందో లేదో సాయంత్రానికి తెలుస్తుంది. లిథియం ప్రధానంగా రాబోయే దశను అడ్డుకోవడానికి ఇచ్చే మందు. ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి వచ్చే దశ ఈసారి రాలేదని చెప్పాలంటే అంతకాలమూ ఆగి చూడాలి. ఆ నిరీక్షణలో ఉద్యోగాలు పోతాయి, చదువులు ఆగుతాయి, సంసారాలు చెదురుతాయి, కొన్నిసార్లు ప్రాణాలే పోతాయి. "ఈ మనిషికి లిథియం పనిచేస్తుంది" అని మొదటి రోజే చెప్పగల రక్తపరీక్ష ఒకటి ఉంటే ఎంత మేలు! జన్యు సూచికల వేట ఈ ఆశతోనే మొదలైంది.

వేటకు ముందు "పనిచేయడం" అంటే ఏమిటో తేల్చుకోవాలి. కెనడాలో హాలిఫాక్స్ నగరానికి చెందిన మార్టిన్ ఆల్డా ఇందుకు ఒక కొలమానం రూపొందించాడు. మందు మొదలయ్యాక జబ్బు ఎంత తగ్గిందో సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు. తరువాత, ఆ తగ్గుదల నిజంగా లిథియం వల్లనేనా అని ప్రశ్నించే ఐదు అంశాలను చూసి మార్కులు తీసివేస్తారు. మునుపు ఎన్ని దశలు వచ్చాయి? మందు ఎంతకాలం వాడారు? క్రమం తప్పకుండా వేసుకున్నారా? తోడుగా ఇతర మందులు ఉన్నాయా? ఇటువంటివే ఆ అంశాలు. చివరకు ఏడు, అంతకు పైన మిగిలితే లిథియం బాగా పనిచేసినట్టు లెక్క.

ఈ కొలమానం చేతికి వచ్చాక బయటపడిన సంగతి ఈ ప్రసంగానికి ప్రాణం. పాల్ గ్రోఫ్, మార్టిన్ ఆల్డా తదితరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, లిథియం చక్కగా పనిచేసినవారి బంధువులలో బైపోలార్ రుగ్మత ఉన్నవారిని పరిశీలించారు. ఆ బంధువులలో 67 శాతం మందికి లిథియం స్పష్టంగా పనిచేసింది. పోలిక కోసం తీసుకున్న ఇతర రోగులలో ఆ సంఖ్య 35 శాతమే. పరిశీలించిన బంధువుల సంఖ్య చిన్నదే అయినా, మందుకు స్పందించే గుణం కుటుంబాలలో కలిసి కనిపిస్తుందనడానికి ఇది మంచి ఆధారం. రక్తసంబంధంలో ప్రవహించేది జన్యువులలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ చోటును వెతకడం తరువాతి పని.

పొలిమేర రాళ్ళ వేట

మనిషి డీఎన్‌ఏ సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథం. వాడే అక్షరాలు నాలుగే. ఏ ఇద్దరిని పోల్చినా గ్రంథంలో అత్యధిక భాగం ఒక్కటే; అక్కడక్కడ ఒక అక్షరం మారుతుంది. మందు పనిచేసినవారిలో ఒక చోట ఒక అక్షరం, పనిచేయనివారిలో అదే చోట వేరొక అక్షరం ఎక్కువగా కనిపిస్తే, ఆ చోటును జన్యు సూచిక అంటారు. ఊరి పొలిమేర రాయి వంటిది అది. ఊరు దగ్గరలో ఉందని చెబుతుంది. రాయే ఊరు కాదు.

లక్షల చోట్ల ఇలా పోల్చి చూసేటప్పుడు, కాకతాళీయంగా కొన్ని తేడాలు కనబడి తీరతాయి. కాబట్టి ఒకచోట దొరికిన సూచిక మరొక దేశంలో, మరొక జనంలో మళ్ళీ దొరికేవరకు దాన్ని నమ్మకూడదు. 2014లో ఈ నియమం విలువ లోకానికి బాగా తెలిసింది. తైవాన్‌లో హాన్ చైనీయ సంతతికి చెందిన 294 మంది రోగులను పరీక్షించిన శాస్త్రవేత్తలు, జీఏడీఎల్1 అనే జన్యువులోని సూచికలు లిథియం ఫలితాన్ని ఇంచుమించు ముందుగానే చెప్పేస్తున్నాయని పేరున్న వైద్యపత్రికలో ప్రకటించారు. ఎదురుచూసిన పరీక్ష దొరికిందని చాలామంది సంతోషించారు. ఇతర దేశాల బృందాలు వెంటనే తమ రోగులలో వెతికాయి. దొరకలేదు. కర్ణాటకలోని మణిపాల్ పరిశోధకులు భారతీయ రోగులను పరీక్షించి, ఆ జన్యువుకూ లిథియం ఫలితానికీ సంబంధం కనబడలేదని 2015లో తెలిపారు. నాడు తైవాన్ ఫలితాన్ని నమ్మి ఇక్కడ పరీక్షలు అమ్మకానికి పెట్టి ఉంటే, లిథియంతో బాగుపడవలసిన ఎందరికో ఆ మందు దక్కకుండా పోయేది.

ఒక్క దేశపు రోగులు చాలరని గ్రహించి, అనేక దేశాల శాస్త్రవేత్తలు కాన్‌లైజెన్ అనే పేరుతో కూటమి కట్టారు. 22 కేంద్రాల నుంచి 2,563 మంది రోగుల వివరాలు సేకరించి, ఆల్డా కొలమానంతోనే అందరినీ కొలిచి, 2016లో ఫలితం ప్రకటించారు. 21వ క్రోమోజోమ్‌పై ఒక్క ప్రాంతం మాత్రమే కఠినమైన గణాంక పరీక్షకు నిలిచింది. అక్కడ ఉన్నవి ప్రొటీన్ తయారుచేసే మామూలు జన్యువులు కావు. ఇతర జన్యువుల పనిని హెచ్చించడంలో, తగ్గించడంలో పాత్ర ఉండవచ్చని భావించే ఆర్‌ఎన్‌ఏకు సంబంధించినవి. ఊరు దగ్గరలో ఉందని తెలిసింది. దారి ఇంకా తెలియలేదు.

2018లో అదే కూటమి మరొక కోణంలో చూసింది. ఒక్కొక్క అక్షరాన్ని విడిగా కాక, వేల చిన్న తేడాలను కూడి ఒక్కొక్క రోగికి మొత్తం లెక్క కట్టింది. స్కిజోఫ్రీనియా ముప్పును పెంచే జన్యు తేడాల బరువు ఎక్కువగా ఉన్న బైపోలార్ రోగులకు లిథియం పనిచేసే అవకాశం తక్కువని తేలింది. ఒకే పేరుతో పిలిచే జబ్బు లోపల వేర్వేరు పాయలు ఉండవచ్చునని దీనివల్ల అర్థమవుతుంది. అయితే ఈ లెక్క గుంపుల మధ్య తేడా చెప్పగలదు. ఎదురుగా కూర్చున్న ఒక్క యువకుడి విషయంలో తీర్పు చెప్పేంత బలం దానికి లేదు.

ఇంకొక దారిలో కూడా ప్రయత్నం సాగింది. అమెరికాలోని సాల్క్ సంస్థ శాస్త్రవేత్తలు ఆరుగురు రోగుల కణాలను మూలకణాలుగా మార్చి, వాటినుంచి ప్రయోగశాలలో నాడీకణాలను పెంచారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం, బైపోలార్ రోగుల నాడీకణాలన్నీ మితిమీరిన చురుకుతో ఉన్నాయి. లిథియం కలిపితే, ఆ మందుతో బాగుపడిన రోగుల కణాలు మాత్రమే నెమ్మదించాయి. బాగుపడని రోగుల కణాలు నెమ్మదించలేదు. మందు పనిచేయడం, చేయకపోవడం అన్న తేడా కణం లోపలే ఉందన్నమాట. మందు పనిచేయని మనిషిని "నీకు మనోధైర్యం లేదు", "నువ్వు శ్రద్ధగా వేసుకోలేదు" అని నిందించేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

సూచిక నిలిచిన చోట్లు

జన్యు సూచికలన్నీ ఆశాభంగాలే అనుకోనక్కరలేదు. కార్బమజెపిన్ అనే మందు మూర్ఛకూ, బైపోలార్ రుగ్మతకూ వాడతారు. అరుదుగా కొందరికి ఆ మందు వల్ల ఒంటిపై తోలు కాలినట్టు ఊడిపోయే ప్రాణాంతక స్థితి ఏర్పడుతుంది. తైవాన్ శాస్త్రవేత్తలు 2004లో అటువంటి 44 మంది రోగులను పరీక్షిస్తే, 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ–బి 15:02 అనే జన్యు రూపం కనిపించింది. తరువాత ఆ దేశంలో 4,877 మందికి మందు ఇవ్వడానికి ముందే పరీక్ష చేసి, ఆ రూపం ఉన్నవారికి కార్బమజెపిన్ ఇవ్వలేదు. ఆ మొత్తం మందిలో ఒక్కరికి కూడా ఆ ఉపద్రవం రాలేదు. ఆసియా సంతతివారికి ఈ మందు ఇచ్చే ముందు పరీక్ష చేయించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే సూచించింది. కార్బమజెపిన్ మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష అవసరమా అని వైద్యులను అడగడం ఏ కుటుంబానికైనా ఉన్న హక్కు.

రెండవ ఉదాహరణ తెలుగు నేలకు మరీ దగ్గరిది. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా కొన్ని నిమిషాలలో దాని ప్రభావం తగ్గిపోతుంది. ఆ మందును విరిచే ఎంజైమ్ లోపించినవారికి చాలాసేపటి వరకు ఊపిరి తిరిగి అందదు. ఈ లోపం వైశ్య సముదాయంలో ఇతరులకన్నా ఎంతో ఎక్కువగా కనబడుతుందనీ, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల పూర్వీకులలో ఎవరికో వచ్చిన ఒక జన్యు మార్పు నిలిచిపోయిందనీ పరిశోధకులు గుర్తించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2017లో ప్రచురించిన అధ్యయనం, దక్షిణాసియాలో ఇటువంటి సముదాయాలు ఎన్నో ఉన్నాయని చూపింది. దీనిలో ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తక్కువతనమూ లేదు. "ఇదివరకు మీ ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది కలిగిందా?" అన్న ప్రశ్నకు నిజం చెప్పడం వల్ల ప్రాణం నిలుస్తుంది, అంతే.

ఈ రెండు చోట్ల నిలిచిన సూచిక లిథియం దగ్గర ఎందుకు నిలవడం లేదు? మత్తుమందు విషయంలో తాళం ఒకటి, చెవి ఒకటి. ఒక ఎంజైమ్, దాని వెనుక ఒక జన్యువు. బైపోలార్ రుగ్మత తేరును లాగే మోకు వంటిది. వేల చేతులు ఆ మోకు పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్క చేతి బలం స్వల్పం. 2021లో 41,917 మంది రోగులను పరిశీలించిన అధ్యయనం ఈ రుగ్మతతో ముడిపడిన 64 జన్యు ప్రాంతాలను గుర్తించింది. లిథియం స్పందన కూడా అటువంటి సామూహిక వ్యవహారమే. పైగా 2021 నాటి ఆ అధ్యయనంలోని వారంతా ఐరోపా సంతతివారు. తైవాన్ సూచిక మణిపాల్‌లో నిలవనట్టే, ఐరోపా లెక్క తెలుగువారికి, కన్నడిగులకు, తమిళులకు సరిపోతుందని ముందుగా అనుకోవడానికి లేదు.

ఆ కొరతను తీర్చే పని ఈ నగరంలోనే సాగుతోంది. నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ సంస్థలు 2016 నుంచి కలిసి, ఒకే ఇంట్లో ఎక్కువమందికి మానసిక రుగ్మతలు ఉన్న కుటుంబాలను దీర్ఘకాలం పరిశీలిస్తున్నాయి. వారు ఇచ్చిన రక్తం నుంచి మూలకణాలు రూపొందించి అధ్యయనం చేస్తున్నాయి. ఇటువంటి పరిశోధనలో చేరడం ఎవరికీ విధి కాదు. సమ్మతి పత్రాన్ని తెలిసిన భాషలో చదివించుకుని, అర్థమైతేనే సంతకం చేయాలి. మధ్యలో తప్పుకున్నా చికిత్స ఆగదు.

అంతవరకు చేతిలో ఉన్నవి

లిథియం పనిచేస్తుందో లేదో తేల్చే జన్యు పరీక్ష ఏదీ నేటివరకు వైద్య మార్గదర్శకాలలో చోటు పొందలేదు. అటువంటి పరీక్ష ఉందని ఎవరైనా డబ్బు అడిగితే, ఇచ్చే ముందు చికిత్స చేస్తున్న వైద్యులను సంప్రదించాలి. వైద్యులు నేడు ఆధారపడే ఆనవాళ్ళు వేరే ఉన్నాయి. దశకూ దశకూ నడుమ మనిషి పూర్తిగా మామూలుగా ఉంటాడా? ముందు ఉద్రేకం, తరువాత కుంగుబాటు, ఆపై మంచి కాలం అనే వరుస ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, దగ్గరి రక్తసంబంధీకులలో ఎవరైనా లిథియంతో బాగుపడ్డారా? ఈ ప్రశ్నలకు జవాబులు కుటుంబం దగ్గర మాత్రమే ఉంటాయి.

వలస వచ్చిన కుటుంబాలలో ఈ జవాబులు చెదిరిపోయి ఉంటాయి. పెదనాన్న ఊళ్ళో ఉంటాడు, మేనత్త మరో రాష్ట్రంలో ఉంటుంది, పాత చీటీలు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉంటాయి. జబ్బుకు పేరు కూడా ఉండదు: "గాలి సోకింది", "తల తిరిగింది", "నరాల బలహీనత" అంటారు. కాబట్టి పెద్దవారిని జబ్బు పేరు అడగకుండా, జరిగింది అడగడం మంచిది. ఎవరికి, ఏ వయసులో వచ్చింది? ఎంతకాలం ఉండేది? ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు? ఏ మాత్ర ఇచ్చారు, ఎన్నేళ్ళు వాడారు? మాటిమాటికీ రక్తం తీసి పరీక్షించేవారా? మానేస్తే ఏమైంది? ఈ ఆరు ప్రశ్నల జవాబులు ఒక కాగితంపై రాసి వైద్యుల చేతికిస్తే, నేటి జన్యుశాస్త్రం ఇవ్వలేని సమాచారం కొంత వారికి అందినట్టే.

లిథియం మొదలైన ఇంట్లో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. రక్తంలో దాని పాళ్ళు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేట్టు చూస్తారు. 1.5 దాటితే విషప్రభావం కనబడవచ్చు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటల తరువాత పరీక్షకు రక్తం ఇవ్వాలి. ఆ ఉదయం మాత్ర పరీక్ష అయ్యాకే వేసుకోవాలి. మూత్రపిండాలు, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు వైద్యులు చెప్పిన గడువులో చేయించాలి. ఉప్పు ఒక్కసారిగా మానకూడదు. ఎండలో, విరేచనాలలో ఒంటిలోని నీరు తగ్గితే లిథియం పాళ్ళు పెరుగుతాయి. ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు కూడా పాళ్ళను పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గర్భం దాల్చినవారు, దాల్చదలచినవారు ముందుగా వైద్యులతో మాట్లాడాలి. బాగైపోయిందని మందును తనంతట తాను హఠాత్తుగా మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇక భయం సంగతి. ఒకరికి ఈ జబ్బు ఉన్నంత మాత్రాన ఇంట్లో అందరికీ వస్తుందనుకోవడం పొరపాటు. రోగి తోబుట్టువులలో, పిల్లలలో ముప్పు ఇతరులకన్నా ఎక్కువే అయినా, వారిలో అధిక సంఖ్యాకులకు ఈ రుగ్మత రాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను వైద్యులపై పెట్టింది. వైద్యుల చెవిన వేసిన మాట పెళ్ళి పందిరి వరకు పోదు. మొదటి అడుగు ఎటు వేయాలో తెలియనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత సేవ. తెలుగులో మాట్లాడవచ్చు.

మొదట ఊహించిన ఆ కుటుంబం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన రాత్రి, కోడలు పక్కన కూర్చుని నాయనమ్మ నెమ్మదిగా చెప్పింది: "వాళ్ళ చిన్నాయనకు గూడా ఇట్లనే అయ్యిండె, తల్లీ. బళ్ళారిలో డాక్టరు తెల్ల మాత్రలిచ్చి, నెలనెలా నెత్తురు తీసి చూస్తాండె. అవి మింగినన్నాళ్ళూ బంగారమట్ల ఉండె. బాగైపోయిందని మానేసినాంక మళ్ళీ తిరగబెట్టె."

మరుసటి వారం ఆమె చేతిసంచిలో పసుపు మరకల చీటీ ఒకటి ఆసుపత్రికి వచ్చింది. వైద్యురాలు దాన్ని వెలుతురుకు పట్టుకుని మందు పేరు చదివింది. మూత్రపిండాల పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రాసింది. అవి సరిగా ఉంటే లిథియంతో మొదలుపెడదామంది. "తప్పకుండా పనిచేస్తుందా?" అని తల్లి అడిగింది. "చెప్పలేను. కానీ ఈ చీటీ చూశాక ఆశ పెరిగింది. ఏడాది చూద్దాం" అంది వైద్యురాలు.

నేటి శాస్త్రం నిజాయితీగా ఇవ్వగల జవాబు అదే. రేపు జన్యు సూచికలు అంతకన్నా గట్టి జవాబు ఇవ్వవచ్చు. అది వచ్చేవరకు, ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళాక ప్రతి ఒక్కరూ చేయగల పని ఒకటుంది. పెద్దవారి పక్కన కూర్చుని, నెమ్మదిగా అడగండి. వారు చెప్పింది రాసుకోండి.